సమ్మతి: సగం

ఆ రోజు పొద్దున అక్క ఇంటికి వెళ్ళేసరికి, ప్రభుత్వం ఆవిడకిచ్చిన ఆక్సిజన్ యంత్రం తెర మీద కొత్త మాట ఒకటి కనిపించింది. మామూలుగా అక్కడ ఉండేవి రెండే. గాలి ఎంత వస్తోందో చెప్పే అంకె ఒకటి, ఫిల్టరు మార్చాల్సిన తేదీ ఒకటి. ఆ రెండింటి కింద ఇప్పుడు చిన్న అక్షరాల్లో "సమ్మతి: సగం" అని ఉంది.

కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాను. మాట మారలేదు. ఇంకెవరైనా అయితే ఇదేదో కంప్యూటరు గోల అనుకుని వదిలేసేవాళ్ళు. నేను వదిలెయ్యలేకపోయాను. ఎందుకంటే ఆ మాట పుట్టింది నా నోట్లోంచే.

"ఇది ఎప్పట్నుంచి ఉందక్కా?"

అక్క కిటికీ పక్క కుర్చీలో, ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చుని ఉంది. నా ప్రశ్నకి చూపుడువేలు పైకెత్తింది. ఆగు, ఊపిరి తీసుకుంటున్నాను అని దాని అర్థం. ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలయ్యాక అక్కకి మాట నేరుగా రాదు. ముందు వేలు లేస్తుంది, తర్వాత నోరు తెరుచుకుంటుంది, భుజాలు రెండూ పైకి లేస్తాయి, ఆ తర్వాత ఎప్పటికో మూడు నాలుగు మాటలు బయటికొస్తాయి. ఒకసారి మొదలైతే పర్వాలేదు. మొదలవడమే కష్టం.

"నిన్న... ఫోనొచ్చింది," అంది. మళ్ళీ వేలు. "ఆడగొంతు. ఎంత తీయగా... ఉందో."

"ఏమడిగింది?"

"అభ్యంతరం ఉందా... అంది. చెప్పమంది." వేలు. ఈసారి చాలాసేపు. "వేలు చూపించానురా. ఫోనుకి!"

అంటూనే నవ్వింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. గొట్టం సర్ది, వీపు రాస్తూ నిలబడ్డాను. ఆవిడ ఊపిరి కూడగట్టుకునేలోపల ఆ తీయని గొంతు ధన్యవాదాలు చెప్పి పెట్టేసిందట. నాకు నవ్వు రాలేదు.

నేను రిటైరయి రెండేళ్ళయింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ప్రభుత్వ న్యాయ విభాగంలో నియమాలు రాశాను. చట్టాలు చేసేది పెద్దవాళ్ళు. ఆ చట్టం కింద ఏ కాగితం ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుండాలి, ఎవరికి ఎలా చెప్పాలి, చెప్పినట్టు రుజువేమిటి అని రాసేది నాలాంటివాడు. పెద్దవాళ్ళ ఫోటోలు పేపర్లో పడతాయి. జనం బతకాల్సింది మాత్రం మా నియమాల కింద.

ఆ నియమాలన్నిటికీ తల్లివేరు ఒకటే. ఎదుటి మనిషి మాట వినకుండా అతని దగ్గర్నుంచి ఏదీ తీసుకోకూడదు. కంప్యూటర్లు రాకముందు ఆ వినడం ఎలా ఉండేదో చెప్తాను. మా ఆఫీసులో ఒక అటెండరుండేవాడు, అందరూ "మైకు" అని పిలిచేవాళ్ళు. విచారణ ఉన్న మనిషి పేరు వాడు మూడుసార్లు పిలవాలి. మొదటిసారి హాల్లో, రెండోసారి వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర, మూడోసారి వీధి గేటు దాకా వెళ్ళి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఒక గ్లాసు టీ చల్లారాలని వాడి లెక్క. అది ఏ నియమంలోనూ లేదు. "భయపడ్డవాడు ముందు బాత్రూముకి పరిగెడతాడు సార్, వాడికి టైమివ్వాలి కదా" అనేవాడు.

ఐదేళ్ళ క్రితం ప్రభుత్వాన్నంతా కంప్యూటర్లలోకి మార్చాలన్నారు. పాత చట్టాన్ని కొత్త యంత్రానికి అతికించే కమిటీలో న్యాయాధికారిగా నన్నూ వేశారు. ఇక నోటీసిచ్చేదీ, వినేదీ, నిర్ణయించేదీ యంత్రమే. అదే ఫోను చేసి అభ్యంతరం ఉందా అని అడుగుతుంది. అవతల ఎవరూ పలక్కపోతే ఏం చేయాలి? యంత్రానికి టీ చల్లారడం తెలియదు కదా. చర్చ అక్కడ ఆగిపోయింది. భోజనాల వేళ దాటిపోతోంది, అందరి కడుపుల్లో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు కదండీ," అని ఎవరో అన్నారు.

నాకు చిన్నప్పట్నుంచీ నోటి తీట ఉంది. దాన్ని చమత్కారం అనుకుని బతికాను. "అర్ధమే కదా! అయితే రెండు మౌనాలు కలిపితే పూర్తి అంగీకారం," అన్నాను.

పడీపడీ నవ్వారు. చైర్మన్ కళ్ళు తుడుచుకుని, "బాగుందయ్యా, రాసెయ్," అన్నాడు. అలా ఒక జోకు నియమమైంది.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "సార్, మౌనం అంటే ఎన్ని సెకన్లు? యంత్రానికి అంకె కావాలి," అంది.

ఒకాయన మూడన్నాడు, ఇంకొకాయన పదన్నాడు. నేను చెయ్యి ఊపేశాను. "ఆరు చాలమ్మా. మా అక్క పుట్టి బుద్ధెరిగాక ఆరు సెకన్లు నోరు మూసుకున్న రోజు లేదు. ఆవిడ ఆరు సెకన్లు పలకలేదంటే ఆ ఇంట్లో మనిషి లేనట్టే!"

మళ్ళీ నవ్వులు. ఆరు అని రాసుకున్నారు. లేచి భోజనానికి పోయాం.

నేనన్నది అబద్ధం కూడా కాదు. అక్క అప్పట్లో బట్టలు కుట్టేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడేది. కొలత తీసుకునేలోపల ఎదుటివాళ్ళ ఇంటి సంగతులన్నీ తెలుసుకుని, తన ఇంటి సంగతులన్నీ చెప్పేసేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అని ఆవిడ సిద్ధాంతం. ఆ కుట్టుమిషను తొక్కి తొక్కే నన్ను లా చదివించింది. నా మొదటి ఉద్యోగానికి తెల్లచొక్కా కుట్టి, కాలరు సరిచేస్తూ, "మాట్లాడలేనివాళ్ళ తరఫున మాట్లాడరా" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కమిటీలో నేను ఊరికే కూర్చోలేదు, జాగ్రత్తలు కూడా రాశాను. జనాన్ని అర్ధరాత్రి లేపకుండా పది నుంచి ఐదు లోపలే ఫోను చేయాలన్నాను. దళారులు దూరకుండా అభ్యంతరాన్ని కాగితం మీద గానీ ఇంకెక్కడ గానీ తీసుకోకూడదు, ఆ ఫోనులో ఆ మనిషి గొంతుతోనే తీసుకోవాలన్నాను. ఒకే ప్రశ్న రెండుసార్లడిగితే చిలకపలుకులు పలుకుతారు కాబట్టి రెండోసారి తిప్పి అడగాలన్నాను. ఇంట్లోవాళ్ళు బెదిరించి చెప్పించకుండా, జవాబు చెప్పేటప్పుడు పక్కన వేరే గొంతు వినపడితే ఆ జవాబు చెల్లదు, మౌనం కిందే లెక్క అన్నాను. మొత్తం నూట నలభై పేజీలు. చైర్మన్ నా భుజం తట్టాడు. ఆ పేజీలన్నీ ఇప్పుడు అక్క ఇంట్లో, మంచం పక్కన, బుస్సుమని గాలి వదులుతున్నాయి.

అక్క ఫోనులో నోటీసు దొరికింది. గత ఆరు నెలల్లో యంత్రాన్ని రోజుకి సగటున రెండు గంటలు ఆపుతున్నారు, కాబట్టి అవసరం తగ్గినట్టు భావించి వెనక్కి తీసుకుంటున్నాం అని.

"ఎందుకు ఆపుతున్నావు అక్కా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. "పక్కింటామె... వస్తుంది కదా. ముక్కులో ఇది చూసి... అయ్యో అంటుంది." వేలు లేచింది, ఆగాను. "నాకది... పడదు."

నాలుగు కబుర్ల కోసం రోజూ రెండు గంటలు గొట్టం తీసి పక్కన పెట్టి ఊపిరాడకుండా కూర్చుందన్నమాట. తిట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. రెండో మౌనం కూడా నమోదైతే యంత్రం ఎవరూ వచ్చి ముట్టుకోకుండానే ఆగిపోతుంది. అవసరం లేదని ఒప్పుకున్న మనిషికి బయట షాపువాళ్ళు కూడా ఇంకోటి ఇవ్వడానికి లేదు, వాళ్ళకీ ఆ ప్రభుత్వ కంప్యూటరే అనుమతి నంబరివ్వాలి. గొట్టం లేకుండా అక్క ఒక రాత్రి గడపలేదు. రెండో ఫోను పదిహేను రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు.

ఆ మధ్యాహ్నమే పాత ఆఫీసుకి పరిగెత్తాను. గేటు దగ్గర స్టూలు మీద మైకు కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"విచారణ హాలు తెరిచుందా?" అన్నాను.

"తెరిచే ఉంది సార్. కుర్చీలు పడేశారు అందులో." తల గోక్కున్నాడు. "ఇప్పుడు పిలిచే పనేం లేదు సార్. ఎవరొచ్చినా ఇంటికెళ్ళి ఫోను కోసం చూడండి అని చెప్పడమే నా డ్యూటీ. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే మాట."

"వింటున్నారా వాళ్ళు?"

"వినక ఏం చేస్తారు సార్? కొంతమంది ఇక్కడే మెట్ల మీద కూర్చుంటారు. ఫోను ఇక్కడ మోగితే లోపల సారుకి త్వరగా వినపడుద్దని." గొంతు తగ్గించాడు. "లోపల సారు లేడని చెప్పడానికి నోరు రాదు నాకు."

మెట్ల మీద నిజంగానే ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి, తెర పైకి పెట్టి, గోరింటాకు ఆరబెట్టుకుంటున్న చేతుల్లా కదలకుండా పట్టుకున్నారు.

హాల్లోకి తొంగి చూశాను. నేను ముప్పై ఏళ్ళు కూర్చున్న గది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. విచారణకి వచ్చినవాళ్ళు నిలబడే చెక్క గట్టు మాత్రం అలాగే ఉంది, దాని అంచు అరిచేతుల చెమటకి నల్లబడి ఉంది. వెనకనుంచి మైకు అన్నాడు, "నా సర్వీసులో పిలుపు అందక నష్టపోయినవాడు ఒక్కడు లేడు సార్."

నాలుగో అంతస్తులో ఇంజనీరమ్మాయి ఇప్పుడు మొత్తం వ్యవస్థకి పెద్ద. నన్ను చూసి మర్యాదగా లేచి, కుర్చీ చూపించి, టీ తెప్పించింది. చెప్పినదంతా ఓపిగ్గా విన్నది. తర్వాత తన తెర నా వైపు తిప్పింది.

ఆ రోజు కమిటీ మీటింగు మినిట్స్ అవి. టైపిస్టు మహానుభావుడు ఎవడో గానీ ఒక్క అక్షరం వదల్లేదు. "మౌన వ్యవధి: ఆరు సెకన్లు. సూచించినవారు: న్యాయాధికారి. ప్రాతిపదిక: న్యాయాధికారి గారి అక్కగారు."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు.

"ఇది మన ఒక్క శాఖకే కాదు సార్," అంది. "మన ఆరునే అందరూ తీసుకున్నారు. ఇళ్ళ హక్కులు, పింఛన్లు, విడిపోయినవాళ్ళ పిల్లలు ఎవరి దగ్గరుండాలనేది కూడా. నిన్న ఒక్కరోజే ముప్పై ఎనిమిది వేల మౌనాలు నమోదయ్యాయి."

"ముప్పై ఎనిమిది వేల మంది మాట్లాడకుండా ఎలా ఉంటారమ్మా?"

"ఎవరూ ఫిర్యాదు చేయలేదు సార్."

"ఫిర్యాదు ఎక్కడ చేయాలి?"

"అదే నంబరుకి," అంది, తల దించుకుని.

ఆ అంకె మార్చమన్నాను. మార్చాలంటే ప్రజల అభిప్రాయం అడగాలి, దానికి అరవై రోజులు గడువు. పోనీ మా అక్క ఒక్కదాని ఫైలు పట్టి ఆపమన్నాను. ఆ అమ్మాయి రెండు చేతులూ బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఫైలు అక్కడే ఉండి అంటుకుంటుందేమో అన్నట్టు.

"నేను ముట్టుకోవడానికి లేదు సార్. అధికారి ఇష్టాయిష్టాలకు తావు ఉండకూడదని మీరే రాశారు."

రాశాను. లంచాలు తినేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. మంచివాళ్ళ చేతులు కూడా దాంతోనే కట్టేశానని అప్పుడు తట్టలేదు.

"కనీసం ఆవిడ ఊపిరి తీసుకునే చప్పుడైనా వినదా? ఫోను ఎత్తిందిగా, మనిషి ఉందిగా!"

"ఊపిరి చప్పుడు, చుట్టుపక్కల యంత్రాల చప్పుడు ముందే వడకట్టేస్తుంది సార్. మాట స్పష్టంగా ఉండాలని." టీ గ్లాసు నా వైపు జరిపింది. "రెండోది కూడా మౌనమే అయితే అప్పీలు వేయొచ్చు, తేలడానికి మూడు నెలలు పడుతుంది. యంత్రం మాత్రం మూడు రోజుల్లో ఆగిపోతుంది. ఒక్క మాట చాలు సార్. పీ అని చప్పుడయ్యాక ఆరు సెకన్లలోపు ఒక్క మాట చెప్పగలిగితే చాలు."

లేచాను. తలుపు దాకా వచ్చి సాగనంపింది. "నియమాలు ఇంకోసారి చదువుకోండి సార్," అంది మెల్లగా.

నాకు ఒళ్ళు మండింది. "నేను రాసినవి నేను చదువుకోవాలా అమ్మా? నూట నలభై పేజీలూ నిద్రలో కూడా అప్పజెప్పగలను," అని మెట్లు దిగొచ్చేశాను. ఆ మాట కూడా మా ఇంటి నోటి తీటే.

ఆ సాయంత్రం అక్కకి అంతా చెప్పేశాను. జోకు, ఆరు, ప్రాతిపదిక, అన్నీ. కొడుతుందనుకున్నాను. కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. వేలెత్తింది. భుజాలు లేచాయి.

"నా నోరు చూసి... చట్టం కట్టావా!" అంది. ముఖంలో కోపం లేదు, ఏదో బిరుదు ఇచ్చినట్టు వెలిగిపోయింది. అదే నాకు ఎక్కువ బాధేసింది.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాం. అడిగేది అభ్యంతరం ఉందా అని కాబట్టి జవాబు "ఉంది" అనాలి. రెండక్షరాలు, ఆ మాత్రం గాలి అక్క దగ్గర ఉంది. కష్టమల్లా దాన్ని సమయానికి అందించడమే. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గోడగడియారం చూస్తూ, ఆ తీయని గొంతుని అనుకరించేవాణ్ణి. చివర నోటితోనే "పీ" అనేవాణ్ణి. అక్క వేలెత్తేది.

"వేలెత్తకు! వేలెత్తితే ఒక సెకను పోతుంది."

మొదటి రోజు తొమ్మిది సెకన్లు పట్టింది. రెండో రోజు ఎనిమిది. మూడో రోజు అలిసిపోయి ఏడ్చింది, నేను కూడా గిన్నెలు తోమే నెపంతో వంటగదిలోకి పోయి నిలబడ్డాను. నాలుగో రోజు నాకొక ఉపాయం తట్టింది. ప్రశ్న చివర ఆ గొంతు ఎప్పుడూ "చెప్పండి" అంటుంది. ఆ తర్వాతే పీ మోగుతుంది.

"ప్రశ్న వినకక్కా. దాంతో నీకు పని లేదు. వింటూ కూర్చుంటే ఊపిరి అటూ ఇటూ అయిపోతుంది. కళ్ళు మూసుకో. 'చెప్పండి' అనగానే గాలి నింపుకో, పీ అనగానే వదిలెయ్. అంతే."

అది పనిచేసింది. ఐదు సెకన్లు. నాలుగు. పదో రోజుకి రెండు సెకన్లలో "ఉంది" అనేస్తోంది. సరదాగా ప్రతిదానికీ అదే జవాబు చెప్పేది. టీ కావాలా అంటే ఉంది. నిద్రొస్తోందా అంటే ఉంది. పక్కింటామె వచ్చి ఎలా ఉందండీ అని పలకరిస్తే, కళ్ళు మూసుకుని గట్టిగా "ఉంది" అంది. ఆవిడ కంగారుపడి నా వైపు చూసింది. అక్క ఈసారి గొట్టం తియ్యలేదు. గొట్టంతోనే నవ్వింది.

నవ్వులు నవ్వులే గానీ ఇల్లు ఇల్లులా లేదు. ఫోనుని కుర్చీ చెయ్యి మీద పెట్టి, అది జారకుండా దారంతో కట్టాం. పది కొట్టగానే ఇద్దరం మాటలు ఆపేసేవాళ్ళం. వీధిలో ఎవరి ఫోను మోగినా అక్క కళ్ళు మూసుకునేది. ఐదు కొట్టాక ఇద్దరం ఒకేసారి కుర్చీల్లో వెనక్కి వాలేవాళ్ళం. యంత్రం దారి యంత్రానిదే, బుస్సుమంటూ గాలి వదులుతూనే ఉంది. దాని తెర మీద ఆ సగం అలాగే ఉంది. ఆ రెండక్షరాలు గదిలో ఎటు తిరిగినా నన్నే చూస్తున్నట్టుండేవి.

పన్నెండో రోజు, పదకొండుంపావుకి మోగింది.

కిటికీలోంచి ఎండ పడుతోంది. అక్క నా వైపు ఒక్కసారి చూసి, స్పీకరు నొక్కి, కళ్ళు మూసుకుంది. నేను అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. పొరపాటున దగ్గినా నా గొంతు వినపడకూడదు.

"నమస్కారం," అంది ఆ గొంతు. నిజంగానే తీయగా ఉంది. "ఇది మీ రెండవ విచారణ. మీ మాట మాకు ముఖ్యం. మీ ఇంట్లో ఉన్న ఆక్సిజన్ యంత్రాన్ని వెనక్కి తీసుకోవడానికి మీకు సమ్మతి ఉందా?"

అభ్యంతరం ఉందా అని కాదు, సమ్మతి ఉందా అని అడిగింది. రెండోసారి తిప్పి అడగాలి. చిలకపలుకులు పలుకుతారు కాబట్టి తిప్పి అడగాలి. నేనే రాశాను, నేనే మర్చిపోయాను.

అరిస్తే నా గొంతు పడుతుంది. పడితే జవాబు చెల్లదు, మౌనం కిందే లెక్క. మౌనమైతే రెండు సగాలూ నిండుతాయి. చేతులు రెండూ ఊపాను. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. నేను నేర్పినట్టే.

"చెప్పండి."

భుజాలు లేచాయి. ముందుకి ఉరికాను, ఫోను లాగబోయాను. దారంతో కట్టి ఉంది.

పీ.

"ఉంది."

ఏడాదిగా ఆ గొంతు వినలేదు నేను. గణగణలాడుతూ, ఒకప్పుడు మేడ మీద నుంచి వీధి చివర ఉన్న నన్ను భోజనానికి పిలిచిన గొంతు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఇంత స్పష్టంగా ఎవరూ, ఎక్కడా, దేనికీ ఒప్పుకుని ఉండరు.

"ధన్యవాదాలు. మీ సమ్మతి నమోదైంది," అని ఫోను పెట్టేసింది.

యంత్రం తెర ఒకసారి ఆరి వెలిగింది. "సమ్మతి: పూర్తి." దాని కింద డెబ్బై రెండు గంటలు అని అంకె పడింది. నేను చూస్తుండగానే అది డెబ్బై ఒక్క గంటల యాభై తొమ్మిది నిమిషాలైంది. మౌనంతో ఇచ్చిన సమ్మతికైతే అప్పీలుంది. నోటితో ఇచ్చినదానికి లేదు. నోరు విప్పి ఒప్పుకున్న మనిషి మళ్ళీ మాట మార్చకూడదని, అది కూడా నేను రాసిందే.

అక్క కళ్ళు తెరిచింది. చెమటతో నుదురు తడిసిపోయింది. ముఖం నిండా వెలుగు. చూపుడువేలు పైకెత్తింది, నోరు తెరిచింది, భుజాలు పైకి లేపింది. నాకు తెలియకుండానే లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

"బాగా... చెప్పానా?"

ఇప్పుడు జవాబు చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను. ఆరు సెకన్లు దాటాయి, పది దాటాయి, మాట రాలేదు. అక్క దాన్ని అవుననే అనుకుంది.